అవోబెంజోన్ ఉన్న సన్‌స్క్రీన్ పారేయాలా?

మీ ప్రశ్న చదివాను. మీ సన్‌స్క్రీన్ ట్యూబ్ వెనక అవోబెంజోన్ 3 శాతం, ఆక్టోక్రిలీన్ 8 శాతం, ఇంకో రెండు ఫిల్టర్లు (ఎండలోని హానికర కిరణాల్ని ఆపే పదార్థాలు) ఉన్నాయని రాశారు. అవోబెంజోన్ ఎండ తగిలిన గంటకే పాడైపోతుందని ఒకచోట, రక్తంలోకి వెళ్లిపోతుందని ఇంకోచోట చదివి కంగారు పడ్డారు. దానికి తోడు తెల్ల చొక్కా కాలర్ మీద ఉతికిన తర్వాత నారింజ రంగు మరకలు తేలాయి. బట్టనే ఇలా చేసేది చర్మాన్ని ఏం చేస్తోందో అని భయపడి, దీన్ని పారేసి జింక్ ఆక్సైడ్‌కి మారిపోవాలా అని అడిగారు.

నేను 18 ఏళ్లుగా సన్‌స్క్రీన్ ఫార్ములాలు తయారుచేసే ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. అందులో ఎక్కువ కాలం గడిచింది అవోబెంజోన్‌తోనే. కాబట్టి కాస్త పొడుగ్గానే చెబుతాను, ఓపికగా చదవండి. మీరు చదివినవి పూర్తిగా అబద్ధాలు కావు. అవోబెంజోన్ ఎండకు పాడయ్యే మాట నిజం. కాకపోతే అది ఒంటరిగా ఉన్నప్పటి కథ. పక్కన ఎవరున్నారన్నదాన్ని బట్టి దాని ఆయుష్షు మారిపోతుంది. సగం భయాలు ఈ ఒక్క విషయం తెలియకపోవడం వల్ల పుట్టినవే.

ముందు దీని అవసరం ఏమిటో చెప్పాలి. అది తెలియకుండా లోపాలు మాత్రమే వింటే ఎవరికైనా పారేయాలనే అనిపిస్తుంది.

ఎండలో నేలకు చేరే అతినీలలోహిత కిరణాలు రెండు రకాలు. 320 నానోమీటర్ల కంటే పొట్టి తరంగాలు యూవీబీ. చర్మం ఎర్రగా కమిలి మండేది ప్రధానంగా వీటివల్లే. 320 నుంచి 400 దాకా ఉన్నవి యూవీఏ. నేలకు చేరే అతినీలలోహిత కాంతిలో దాదాపు 95 శాతం యూవీఏనే. ఇది చురుక్కుమనదు, వెంటనే మంట పుట్టించదు. అదే దీంతో వచ్చిన చిక్కు. చర్మంలో ఇంకాస్త లోతుకు దిగి, చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్‌ను దెబ్బతీస్తుంది, మంగు మచ్చల్ని ముదరబెడుతుంది, డీఎన్‌ఏకూ హాని చేస్తుంది. మామూలు కిటికీ అద్దం యూవీబీని దాదాపు ఆపేస్తుంది గానీ యూవీఏని చాలావరకు లోపలికి వదిలేస్తుంది.

2012లో ఒక ప్రసిద్ధ అమెరికన్ వైద్య పత్రికలో ఒక ఫొటో అచ్చయింది. 28 ఏళ్లపాటు డెలివరీ ట్రక్కు నడిపిన 69 ఏళ్ల మనిషి ముఖం. కుడి చెంప వయసుకు తగ్గట్టుగా ఉంది. కిటికీ వైపు ఉండే ఎడమ చెంప మాత్రం దళసరిగా, లోతైన ముడతలతో, ఇంకా ఎంతో పెద్ద వయసు మనిషిదిలా ఉంది. ఒకే మనిషి, ఒకే వయసు, ఒకే ముఖం. ల్యాబ్‌లో కొత్తగా చేరిన ప్రతివారికీ నేను మొదట చూపించేది ఆ ఫొటోనే. ఎన్ని గ్రాఫులు చూపించినా అంత గట్టిగా మనసులో నాటుకోదు.

ఎస్‌పీఎఫ్, అంటే ట్యూబ్ మీద రాసే ఎండ రక్షణ అంకె, ప్రధానంగా చర్మం ఎర్రబడటం మీద ఆధారపడి కొలిచేది. అంటే అందులో యూవీబీదే పెద్ద వాటా. ఎస్‌పీఎఫ్ 50 అని రాసి ఉన్నంత మాత్రాన యూవీఏని, అందులోనూ 340 నుంచి 400 నానోమీటర్ల మధ్య ఉండే పొడుగు తరంగాల్ని బాగా ఆపుతుందని అర్థం కాదు. ఆ పొడుగు తరంగాల్ని ఆపగల ఫిల్టర్లు ప్రపంచం మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. జింక్ ఆక్సైడ్ ఒకటి, అవోబెంజోన్ ఒకటి. యూరప్‌లోనూ ఆసియాలోనూ చాలాకాలంగా వాడుతున్న బెమోట్రిజినాల్, బిస్‌ఆక్ట్రిజోల్, డీహెచ్‌హెచ్‌బీ లాంటివి ఇంకొన్ని. వీటిలో అవోబెంజోన్ పాతకాపు. 1970లలో పేటెంట్ పొంది, 1978లో యూరప్‌లో అనుమతి తెచ్చుకుంది. అమెరికాలో 1988లో అడుగుపెట్టింది. గరిష్ఠంగా అమెరికాలో 3 శాతం, యూరప్‌లో 5 శాతం దాకా వాడొచ్చు. మీ ట్యూబ్ మీద 3 శాతం అని ఉండటానికి కారణం అదే అయ్యుంటుంది. యూరప్ పద్ధతి లేబుల్స్‌లో దీని పేరు బ్యూటైల్ మెథాక్సీడైబెంజాయిల్‌మీథేన్ అని చాంతాడంత ఉంటుంది. పేరు వేరైనా పదార్థం ఒకటే.

చేతిలోకి తీసుకుంటే లేత పసుపు ఛాయ ఉన్న పొడి. నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. అదీ సులభంగా కాదు. సరైన నూనె ఎంచుకోకపోతే నెల రోజుల తర్వాత క్రీములో సన్నని స్ఫటికాలుగా తిరిగి తేలుతుంది. వేలికి ఇసుక రేణువుల్లా తగులుతుంది. అలా స్ఫటికమైపోయిన భాగం ఫిల్టర్‌గా దాదాపు దండగ. మీరెప్పుడైనా సన్‌స్క్రీన్ రాస్తుంటే గరగరలాడినట్టు అనిపిస్తే ఆ ట్యూబ్‌ని నమ్మకండి.

ఇక అసలు విషయానికొస్తాను. ఈ అణువు నడుమ రెండు ఆక్సిజన్ పరమాణువులు ఎదురెదురుగా ఉంటాయి. ఆ రెండింటి మధ్య ఒక హైడ్రోజన్ ఉంటుంది. ఒకదానికి అతుక్కుని రెండోదాన్ని కూడా పట్టుకుని ఉంటుంది. దాంతో అక్కడొక చిన్న వలయం ఏర్పడి అణువు బిగువుగా, చదునుగా ఉంటుంది. దీన్ని ఈనాల్ రూపం అంటాం. ఈ రూపంలో ఉన్నప్పుడు 357 నానోమీటర్ల దగ్గర, అంటే సరిగ్గా మనకు కావలసిన చోట, కాంతిని గట్టిగా పీల్చుకుంటుంది. పీల్చిన శక్తిని సెకనులో లక్ష కోట్లవ వంతు లెక్కల్లో కొలిచేంత తక్కువ సమయంలో వేడిగా వదిలేసి మళ్లీ యథాస్థితికి వస్తుంది. మళ్లీ ఒక కిరణాన్ని పడుతుంది. ఒకే అణువు ఈ పని వేలసార్లు చేయగలదు. ఆ వేడి మరీ స్వల్పం, చర్మానికి తెలిసేంత కాదు.

అయితే ఎప్పుడో ఒకసారి ఆ హైడ్రోజన్ తిరిగి తన చోటికి రాదు. మధ్యలో ఉన్న కార్బన్‌కి అతుక్కుంటుంది. వలయం విడిపోతుంది. ఇది కీటో రూపం. ఈ రూపం 357 దగ్గర కాంతిని పట్టదు. ఎక్కడో 260, 280 నానోమీటర్ల మధ్య పడుతుంది. అక్కడి కిరణాలు నేలదాకా రానే రావు కాబట్టి మనకు దానివల్ల ఉపయోగం లేదు. కొన్ని అణువులు మెల్లగా తిరిగి ఈనాల్ రూపానికి వస్తాయి. కొన్ని ఆ స్థితిలో శక్తిని వదిలించుకోలేక తెగిపోతాయి. తెగిన ముక్కలు పక్కనున్నవాటితో కలిసి వేరే పదార్థాలుగా మారతాయి. అక్కడితో ఆ అణువు పని అయిపోయినట్టే. గంటకే పాడైపోతుందని మీరు చదివిన మాట వెనక ఉన్నది ఇదే.

ఇది ల్యాబ్‌లో కళ్లకు కనిపిస్తుంది. అరచేతిలో సగం ఉండే చదరపు ప్లాస్టిక్ పలక తీసుకుంటాం. ఒకవైపు చర్మంలా కాస్త గరుకుగా ఉంటుంది. సన్‌స్క్రీన్ ముప్పై మిల్లీగ్రాములకు అటూ ఇటూ తూచి, చిన్నచిన్న చుక్కలుగా పెట్టి, తొడుగు వేసుకున్న వేలితో సమంగా రుద్దుతాం. చీకట్లో అరగంట ఆరనిస్తాం. తర్వాత దాని గుండా కాంతి పంపి ఏ తరంగం ఎంత ఆగిందో గీత గీయిస్తాం. మంచి ఫార్ములాకి ఆ గీత 290 దగ్గర మొదలై 370 దాటేదాకా బల్లపరుపు కొండలా ఉంటుంది. ఆ పలకను కృత్రిమ సూర్యకాంతి దీపం కింద పెట్టి, బయటికి తీసి, మళ్లీ గీత గీయిస్తాం. ఫార్ములా బలమెంతో చెప్పేది ఆ రెండో గీత.

చేరిన రెండో ఏడాదిలో నా మొదటి స్వతంత్ర ఫార్ములాకి ఆ రెండో గీత గీయించినప్పుడు కొండ కుడివైపు సగం కూలిపోయి కనిపించింది. ఎడమవైపు యూవీబీ భాగం కూడా కొంత దిగింది. పలక పొరపాటనుకున్నాను. మరో నాలుగు పలకలు చేశాను. అన్నీ అదే. నేను చేసిన తప్పల్లా అవోబెంజోన్ పక్కన ఆక్టినాక్సేట్ పెట్టడం. యూవీబీకి బాగా పనిచేస్తుంది, తేలిగ్గా ఉంటుంది, చర్మానికి జిడ్డు అనిపించదు. అందుకే ఎంచుకున్నాను. కానీ కాంతి తగిలినప్పుడు ఈ రెండూ ఒకదానితో ఒకటి చర్య జరిపి అతుక్కుపోతాయి. ఒకదాన్ని ఒకటి తినేస్తాయంటే సరిపోతుంది. లేబుల్స్ మీద ఆక్టినాక్సేట్‌ని ఇథైల్‌హెక్సైల్ మెథాక్సీసిన్నమేట్ అని కూడా రాస్తారు. ఈ జంట కనిపించి, దానితోపాటు బలమైన తోడు ఇంకేదీ కనిపించకపోతే ఆ ఉత్పత్తి యూవీఏ రక్షణ మీద నాకు పెద్ద నమ్మకం ఉండదు.

తోడు అన్నాను కదా, అది మీ ట్యూబ్‌లోనే ఉంది. ఆక్టోక్రిలీన్. ఇది స్వయంగా యూవీబీని, కొంత యూవీఏని ఆపుతుంది. కానీ ఫార్ములా చేసేవాళ్లు దీన్ని ఎక్కువగా వాడేది అవోబెంజోన్‌ని కాపాడటానికి. శక్తి ఎక్కువై తెగిపోబోయే అణువు దగ్గర నుంచి ఆ శక్తిని ఇది అందుకుని తాను వేడిగా వదిలేస్తుంది. కూలిపోయిన ఆ ఫార్ములాలో నేను ఆక్టినాక్సేట్ తీసేసి ఆక్టోక్రిలీన్ పెట్టి మళ్లీ పలకలు చేస్తే, దీపం కింద పెట్టకముందు గీత, పెట్టిన తర్వాత గీత ఒకదాని మీద ఒకటి దాదాపు అతికినట్టు వచ్చాయి. అందులో అవోబెంజోన్ శాతం నేను ముట్టుకోలేదు. మార్చింది పక్కనున్నదాన్ని మాత్రమే. ఆ రోజు నుంచి ఎవరైనా అవోబెంజోన్ పనికిరాదంటే, దేనితో కలిపి అన్నది నా మొదటి ప్రశ్న.

బెమోట్రిజినాల్ కూడా చాలా మంచి తోడు. పైగా అదే స్వయంగా యూవీఏ, యూవీబీ రెండింటినీ ఆపుతుంది, ఎండకు చెక్కుచెదరదు. లేబుల్ మీద బిస్ ఇథైల్‌హెక్సైలాక్సీఫినాల్ అంటూ మొదలయ్యే పొడుగాటి పేరు కనిపిస్తే అదే. ఇథైల్‌హెక్సైల్ మెథాక్సీక్రిలీన్ అనేది ఫిల్టర్ల జాబితాలో ఉండదు గానీ అవోబెంజోన్ రక్షణకే కలుపుతారు. కాబట్టి అది మామూలు పదార్థాల జాబితాలో కనిపించినా మంచి సంకేతమే. ఏ నూనెలో కరిగించారన్నది కూడా తేడా తెస్తుంది, కానీ అది లేబుల్ చూసి మీరు కనిపెట్టగలిగేది కాదు, దాన్ని వదిలేయండి. మీరు చూడగలిగేది ఇంకొకటి ఉంది. యూరప్‌లో యూవీఏ అనే అక్షరాలు వలయంలో ఉంటే, యూవీఏ రక్షణ ఎస్‌పీఎఫ్‌లో కనీసం మూడో వంతు ఉన్నట్టు. ఆ పరీక్షలో పలకకు ముందుగా ఎండ దీపం చూపించాకే కొలుస్తారు. అంటే పాడైపోయే ఫార్ములా అక్కడే దొరికిపోతుంది. జపాన్‌లో మొదలైన పీఏ గుర్తుల్లో నాలుగు ప్లస్‌లు ఉంటే యూవీఏ రక్షణ 16 రెట్లు లేదా అంతకన్నా ఎక్కువ అని అర్థం.

ఇక్కడ మీకు ఒక ముఖ్యమైన అధ్యయనం గురించి చెప్పాలి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో నాంబర్ అనే ఊళ్లో 1992లో 1,621 మందితో పరిశోధన మొదలుపెట్టారు. సగం మందికి రోజూ సన్‌స్క్రీన్ రాసుకోమన్నారు. మిగతావాళ్లని వాళ్ల అలవాటు ప్రకారం ఉండమన్నారు. నాలుగున్నరేళ్లు నడిపారు. రోజూ రాసినవాళ్లలో స్క్వేమస్ సెల్ అనే రకం చర్మ క్యాన్సర్ కణితులు దాదాపు 40 శాతం తగ్గాయి. బేసల్ సెల్ రకంలో మాత్రం తేడా కనిపించలేదు. తర్వాత చాలా ఏళ్లు గమనిస్తే, రోజూ రాసిన గుంపులో 11 మందికి, రెండో గుంపులో 22 మందికి కొత్తగా మెలనోమా అనే ప్రమాదకరమైన చర్మ క్యాన్సర్ వచ్చినట్టు 2011లో ప్రచురించారు. చర్మం ముదరడం 24 శాతం తక్కువగా ఉందని 2013లో తేల్చారు. సన్‌స్క్రీన్ గురించి మన దగ్గర ఉన్న రుజువుల్లో ఇంతకంటే గట్టివి అరుదు.

వాళ్లకిచ్చిన సన్‌స్క్రీన్‌లో ఏముందో తెలుసా? ఆక్టినాక్సేట్ 8 శాతం, అవోబెంజోన్ 2 శాతం. ఎస్‌పీఎఫ్ 16. అంటే నేను పైన తిట్టిన జంటే! ఈ విషయం మొదటిసారి చదివినప్పుడు నేను చాలాసేపు ఆలోచనలో పడ్డాను. ఎండకు బలహీనపడే ఫార్ములాతో, ఈనాటి లెక్కలో తక్కువ ఎస్‌పీఎఫ్‌తో, ఆ ఫలితాలు వచ్చాయి. ఎందుకంటే వాళ్లు రోజూ రాశారు. ముఖం, మెడ, చేతులు, ముంజేతులకి పొద్దున్నే రాశారు. చెమట పట్టినా, తడిసినా, ఎక్కువసేపు ఎండలో ఉన్నా మళ్లీ రాసుకోమని వాళ్లకు చెప్పారు. అందుకే చెబుతున్నాను, ఫార్ములా లోపాలు వెతికే పని మాలాంటివాళ్లకు వదిలేయండి. భయంతో మానేసిన సన్‌స్క్రీన్ కంటే లోపం ఉన్న సన్‌స్క్రీన్ రోజూ రాసుకోవడం చాలా మేలు. మీ దగ్గరున్న ఫార్ములా ఆ నాంబర్ ఫార్ములా కంటే ఎంతో గట్టిది.

ఇప్పుడు కాలర్ మరక. ఇది చాలామందిని భయపెడుతుంది. రాసేటప్పుడు రంగు ఉండదు, ఉతికేముందు కూడా పెద్దగా కనపడదు. ఉతికాక తుప్పు రంగులో తేలుతుంది. నిజానికి అది తుప్పుకి దగ్గరి చుట్టమే. ఆ రెండు ఆక్సిజన్ల మధ్య హైడ్రోజన్ ఉంటుందన్నాను కదా. నీళ్లలో ఇనుము ఉంటే, ఆ హైడ్రోజన్‌ని పక్కకు నెట్టి ఇనుము అక్కడ కూర్చుంటుంది. అలా ఏర్పడిన పదార్థానికి నారింజ ఎరుపు రంగు ఉంటుంది. అందుకే బోరు నీళ్లలో, పాత ఇనప పైపుల నీళ్లలో ఉతికినప్పుడు మరక ఎక్కువ. ఫార్ములాలో ఇనుమును ముందే పట్టి ఉంచే ఈడీటీఏ లాంటివి మేం కలుపుతాం. అది ట్యూబ్‌లో రంగు మారకుండా కాపాడుతుంది గానీ మీ బకెట్ నీళ్లలో ఉన్న ఇనుము మొత్తాన్ని పట్టలేదు.

మీ చర్మం మీద జరిగేది ఇది కాదు. మరక అనేది బట్ట, నూనె, ఇనుము కలిసిన చోట పుట్టే రంగు మాత్రమే. బ్లీచ్ మాత్రం వేయకండి, క్లోరిన్ తగిలితే మరక పోకపోగా ఇంకా ముదురుతుంది. నేను చేసేది చెబుతాను. ఉతకకముందే కాలర్ మీద గిన్నెలు తోమే లిక్విడ్ సోప్ రాసి పావుగంట ఉంచుతాను. నూనెతో పాటు అవోబెంజోన్ కూడా కదులుతుంది. అప్పటికే మరక పడిపోతే, తుప్పు మరకలకు వాడే సిట్రిక్ యాసిడ్ లేదా ఆక్సాలిక్ యాసిడ్ ఉన్న పొడిని, బట్టకు పడుతుందో లేదో ఒక మూల చూసుకుని వాడాలి. ఆక్సాలిక్ యాసిడ్ అయితే చేతులకు తొడుగులు తప్పనిసరి. అసలు మరక పడకుండా ఉండాలంటే రాసుకున్నాక పదిహేను నిమిషాలు ఆరనిచ్చి చొక్కా వేసుకోండి.

ఆ పదిహేను నిమిషాల గురించి ఒక మాట. అవోబెంజోన్ లాంటి రసాయన ఫిల్టర్లు చర్మంలోకి ఇంకి మేల్కొనడానికి ఇరవై నిమిషాలు పడుతుందని ఒక ప్రచారం ఉంది. అది తప్పు. ఫిల్టర్ అణువు ట్యూబ్‌లో ఉన్నప్పుడే కాంతిని పట్టగలదు. ఆగమనేది పొర సమంగా సర్దుకుని ఆరడానికి. అలాగే రసాయన ఫిల్టర్లు పీల్చుకుంటాయి, ఖనిజ ఫిల్టర్లు అద్దంలా తిప్పికొడతాయి అనే మాట కూడా చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ కూడా అతినీలలోహిత కాంతిని ప్రధానంగా పీల్చుకునే ఆపుతాయి. తిప్పికొట్టేది కొద్ది శాతమే.

రక్తం విషయం. ఇక్కడ మీరు చదివింది నిజమే, కాకపోతే సగమే చెప్పారు. 2019లో అమెరికాలో మందుల్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ శాస్త్రవేత్తలు 24 మందితో ఒక పరీక్ష చేశారు. ఒంటిలో 75 శాతం భాగానికి, చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున, రోజుకు నాలుగుసార్లు, నాలుగు రోజులు రాశారు. రక్తంలో అవోబెంజోన్ గరిష్ఠ మోతాదు సగటున మిల్లీలీటరుకు సుమారు 2 నుంచి 4 నానోగ్రాములు వచ్చింది. ఎఫ్‌డీఏ పెట్టుకున్న గీత 0.5 నానోగ్రాములు. కాబట్టి గీత దాటింది. వార్తలన్నీ ఇక్కడే ఆగిపోయాయి.

ఆ గీత విషానికి గీత కాదు. అంతకంటే తక్కువుంటే కొన్ని దీర్ఘకాల భద్రతా పరీక్షల నుంచి మినహాయింపు ఇవ్వొచ్చు, దాటితే ఆ పరీక్షలు చేసి చూపించాలి అన్నదానికి గీత. దాటినంత మాత్రాన హాని జరిగిందని కాదని, సన్‌స్క్రీన్ మానేయొద్దని ఆ శాస్త్రవేత్తలే రాశారు. అదే పరీక్షలో ఆక్సీబెంజోన్ అనే మరో ఫిల్టర్ సుమారు 170 నుంచి 210 నానోగ్రాముల దాకా వచ్చింది. అవోబెంజోన్‌తో పోలిస్తే ఎన్ని రెట్లో మీరే లెక్కేయండి. ఈ రెండు పేర్లూ వినడానికి ఒకేలా ఉండటంతో, ఆక్సీబెంజోన్ మీద వచ్చిన విమర్శల్ని జనం అవోబెంజోన్‌కి అంటగడుతున్నారు. 2021 నుంచి హవాయిలో అమ్మకం ఆపేసినవి ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్. ఆ చట్టంలో అవోబెంజోన్ లేదు. లేబుల్ చదివేటప్పుడు మొదటి అక్షరాలు జాగ్రత్తగా చూడండి.

అవోబెంజోన్ లాంటి ఫిల్టర్ల భద్రత గురించి ఇంకా డేటా కావాలని ఎఫ్‌డీఏ 2019లోనే అడిగింది. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్‌లకు మాత్రం ఉన్న ఆధారాలు చాలని చెప్పింది. ఆ అడగడం సరైనదే. ఇన్ని కోట్లమంది రోజూ ఒంటికి రాసుకునేదాని మీద ప్రశ్నలు వేయడం మానకూడదు. కానీ ఎండ చేసే హాని ఊహ కాదు, లెక్కలతో సహా తేలినది. అవోబెంజోన్ వల్ల మనుషులకు లోపలి జబ్బు వచ్చిందని చూపిన రుజువు ఈ రోజుదాకా లేదు. నేనూ, మా ఇంట్లోవాళ్లూ రోజూ రాసుకునేది అవోబెంజోన్, బెమోట్రిజినాల్ కలిసిన ఫార్ములానే.

అయినా కొందరు మారాల్సిందే. అవోబెంజోన్ రాసుకుని ఎండలోకి వెళ్లినప్పుడు మాత్రమే దురద, పొక్కులు వస్తుంటే అది ఫొటో అలర్జీ కావచ్చు, చర్మ డాక్టర్‌కి చూపించి పరీక్ష చేయించుకోవాలి. నొప్పులకు కీటోప్రొఫెన్ జెల్ వాడి దానికి అలర్జీ తెచ్చుకున్నవాళ్లకు ఆక్టోక్రిలీన్ కూడా పడకపోవచ్చు. ఈ లంకె చాలామందికి తెలియదు, అందుకే చెబుతున్నాను. చెమటతో కళ్లలోకి జారి మండుతుంటే కళ్ల చుట్టూ జింక్ ఆక్సైడ్ స్టిక్ హాయిగా ఉంటుంది. ఆరు నెలల లోపు పసిపిల్లలకు ఏ సన్‌స్క్రీన్ కంటే నీడ, వదులు బట్టలే మేలు. వీటిలో ఏదీ మీకు వర్తించకపోతే జింక్‌కి మారాల్సిన అవసరం లేదు. మారాలనిపిస్తే మారొచ్చు, అందులో తప్పేమీ లేదు. అయితే తెల్లగా పూసినట్టు కనబడుతోందని పల్చగా రాసుకుంటే మాత్రం నష్టపోతారు. రెండు ట్యూబుల్ని అరచేతిలో కలిపి రాసే పని మాత్రం చేయకండి. పూత లేని జింక్, టైటానియం రేణువులు అవోబెంజోన్‌ని ఎండలో ఇంకా త్వరగా పాడుచేస్తాయి. పైగా రెండు క్రీముల పొరలూ చెదిరిపోయి మధ్యలో ఖాళీలు మిగులుతాయి.

రాసే మోతాదు మీద నాకు ఫార్ములా కంటే ఎక్కువ పట్టింపు. పరీక్షల్లో రాసేది చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాములు. మామూలుగా జనం రాసేది అందులో పావు నుంచి సగం. అప్పుడు 50 అన్న అంకె ట్యూబ్ మీదే ఉంటుంది, ముఖం మీద ఉండదు. చూపుడు వేలు, మధ్య వేలు పొడుగునా రెండు గీతలు పిండి, ముఖానికీ మెడకీ రాయండి. ఒకేసారి అంత పట్టకపోతే సగం రాసి, రెండు నిమిషాలాగి మిగతా సగం రాయండి. చెవులు, మెడ వెనక భాగం, కనురెప్పల పైన ఎముక దగ్గర అందరూ వదిలేస్తారు. బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. ఇది అవోబెంజోన్ చచ్చిపోతుందని కాదు. చెమట, చెయ్యి తగలడం, జేబురుమాలు రుద్దడం వల్ల పొర చెదురుతుంది కాబట్టి. ఏ ఫిల్టర్ ఉన్నా ఈ నియమం ఒకటే.

మీ ప్రశ్న చివర్లో ఇంకో మాట రాశారు. ఈ ట్యూబ్ తెరిచి రెండేళ్లు దాటిందని, అప్పుడప్పుడు కారు డ్యాష్‌బోర్డు మీదే ఉండిపోతుందని. మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసిన ఆ వాక్యమే నన్ను ఆపింది. ఆక్టోక్రిలీన్ పాతబడేకొద్దీ, సీసాలో ఉండగానే, మెల్లగా కొంత బెంజోఫినోన్‌గా మారుతుందని 2021లో వచ్చిన పరిశోధనలో తేలింది. బెంజోఫినోన్‌ని మనుషులకు క్యాన్సర్ కారకం కాగల పదార్థాల జాబితాలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఉంచింది. తాజా ట్యూబ్‌లో అది స్వల్పం, పాతబడేకొద్దీ పెరుగుతుంది. పైగా కారులో ఆ వేడికి నూనె, నీళ్లు విడిపోతాయి. అప్పుడు ఒక చోట ఫిల్టర్ చిక్కగా, ఒక చోట ఉత్త నీళ్లుగా వస్తుంది. ట్యూబ్ వెనక మూత తెరిచిన డబ్బా బొమ్మ చూడండి, అందులో 6 లేదా 12 అని ఉంటుంది, తెరిచాక అన్ని నెలలే వాడాలని దానర్థం.

కాబట్టి ఆ ట్యూబ్‌ని ఈరోజే పారేయండి. అదే ఫార్ములాది కొత్త ట్యూబ్ తెచ్చుకుని, తెరిచిన తేదీని పెన్నుతో దాని మీద రాసి, నీడపట్టున పెట్టుకోండి.